మోత పెరిగితే మిక్స్ బాగుపడినట్టేనా?

ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమైన బిలాస్‌పూర్‌లో పండగ అంటే ఊరేగింపు, ఊరేగింపు అంటే డీజే బండి. వినాయక నిమజ్జనమైనా, దుర్గా పూజ అయినా, పెళ్లి బరాత్ అయినా బండి మీద నిలువెత్తు సౌండ్ బాక్సులు కదలాల్సిందే. రైల్వే ఉద్యోగాల కోసం తరాల క్రితం వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలకూ ఈ మోత కొత్తేమీ కాదు. వాళ్ల బంధువులుండే ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఊళ్లలోనూ ఇదే పరిస్థితి. ఫిర్యాదులు కోర్టుల దాకా వెళ్లాయి. బిలాస్‌పూర్‌లోనే ఉన్న ఛత్తీస్‌గఢ్ హైకోర్టు డీజేల శబ్దం విషయంలో రాష్ట్ర ప్రభుత్వాన్ని పలుమార్లు వివరణ అడిగింది.

అయితే ఈ చర్చ అంతా బండి దగ్గరే ఆగిపోతోంది. బండిలో మోగే పాట ఎక్కడ తయారవుతోందన్న ప్రశ్న దాదాపు ఎవరూ వేయడం లేదు. రోడ్‌షో మిక్స్, టపోరి మిక్స్ వంటి పేర్లతో ఫోన్ల మధ్య తిరిగే రీమిక్స్‌లలో చాలా వరకు పెద్ద స్టూడియోల్లో పుట్టినవి కావు. ఒక ల్యాప్‌టాప్, ఎఫ్‌ఎల్ స్టూడియో లాంటి సాఫ్ట్‌వేర్, ఒక జత హెడ్‌ఫోన్స్ లేదా చిన్న స్పీకర్లు పెట్టుకుని ఇంట్లోనే చేసినవి. ఇది సంతోషించాల్సిన మార్పే. 1969లో అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్‌లో ఎలక్ట్రానిక్ సంగీత స్టూడియో పెట్టడానికి అమెరికా నుంచి డేవిడ్ ట్యూడర్ మూగ్ సింథసైజర్‌తో రావాల్సి వచ్చింది. 1982లో చరణ్‌జీత్ సింగ్ రాగాలను డిస్కో దరువు మీద వాయించిన ఆల్బమ్ చేయడానికి ఖరీదైన రోలాండ్ యంత్రాలు కావాల్సి వచ్చింది. ఇప్పుడు అంతకన్నా ఎక్కువ సామర్థ్యం ఒక మామూలు ల్యాప్‌టాప్‌లో ఉంది.

మరి ఇంట్లో చేసిన పాట చాలాసార్లు గందరగోళంగా ఎందుకు వినిపిస్తుంది? గొంతు బాస్‌లో మునిగిపోతుంది. తాళాల శబ్దం చెవిని గీరుతుంది. ఫోన్‌లో వింటే దరువే వినిపించదు, బండి మీద వింటే దరువు తప్ప మరేదీ వినిపించదు. దీనికి కుర్రవాళ్లు చెప్పుకునే కారణం మంచి స్పీకర్లు లేవని, ఖరీదైన ప్లగిన్‌లు లేవని. నిజానికి ఇక్కడున్న అసలు కొరత పరికరాలది కాదు, కొలతది. మిక్స్ బాగుందో లేదో తేల్చడం భౌతికశాస్త్ర ప్రయోగశాలలో కొలత తీసుకోవడం లాంటి పని. ఆ క్రమశిక్షణ నేర్పితే పాటా బాగుపడుతుంది, వీధికి పట్టిన పీడా కొంత తగ్గుతుంది.

చెవి చెప్పే తీర్పు స్థిరం కాదు

మిక్స్ చేయడం అంటే గొంతు, కిక్, బాస్, డప్పు, సింథ్ వంటి వేర్వేరు ట్రాక్‌లకు ఒక్కొక్క స్థాయి, ఒక్కొక్క పౌనఃపున్య పరిధి, ఎడమ కుడుల మధ్య ఒక చోటు కేటాయించడం. ఈ కేటాయింపు చేసేది చెవి. చిక్కల్లా చెవి ఒకే కొలబద్ద కాకపోవడమే.

1933లో అమెరికాలోని బెల్ ప్రయోగశాలల శాస్త్రవేత్తలు హార్వే ఫ్లెచర్, విల్డెన్ మన్సన్ ఒక ముఖ్యమైన విషయం చూపించారు. మన చెవి అన్ని పౌనఃపున్యాలనూ సమానంగా వినదు. పైగా ఆ అసమానత కూడా శబ్ద స్థాయిని బట్టి మారిపోతుంది. ఆ తర్వాత సవరించిన అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం 1000 హెర్ట్జ్ దగ్గర 40 డెసిబెల్‌ల స్వరంతో సమానంగా వినిపించాలంటే 50 హెర్ట్జ్ స్వరానికి సుమారు 78 డెసిబెల్‌లు కావాలి. అంటే 38 డెసిబెల్‌ల తేడా. అదే 80 డెసిబెల్‌ల స్థాయిలో ఆ తేడా సుమారు 22కి పడిపోతుంది. వాల్యూమ్ పెంచగానే బాస్ దానంతట అదే నిండుగా అనిపించడానికి కారణం ఇదే.

దీని ఫలితం రెండు రకాలుగా ఉంటుంది. రాత్రిపూట ఇంట్లోవాళ్లు లేస్తారని చిన్న శబ్దంతో మిక్స్ చేసిన కుర్రాడు బాస్ చాలలేదనుకుని పెంచుతాడు. ఆ పాట బండి మీద మోగినప్పుడు బాస్ ఒక్కటే రాజ్యమేలుతుంది. రెండోది ఇంకా మోసకరమైనది. ఏ ప్లగిన్ వేసినా సాధారణంగా శబ్దం ఒకటి రెండు డెసిబెల్‌లు పెరుగుతుంది. అంత చిన్న పెరుగుదలను చెవి పెద్ద శబ్దంగా గుర్తించదు, మెరుగైన శబ్దంగా గుర్తిస్తుంది. దాంతో ప్రతి ప్లగిన్ పాటను బాగుచేసినట్టే అనిపిస్తుంది. ఇరవై ప్లగిన్‌లు వేశాక మిగిలేది మెరుగు కాదు, పోగుపడిన మోత.

దీనికితోడు అలసట. రెండు మూడు గంటలు గట్టిగా విన్న చెవికి వినికిడి హద్దు తాత్కాలికంగా పైకి జరుగుతుంది. అప్పటికి తాళాలు మొద్దుగా వినిపిస్తాయి, వాటిని పెంచుతారు. మర్నాడు పొద్దున వింటే అదే పాట చెవిలో సూదిలా గుచ్చుకుంటుంది. కాకి పిల్ల కాకికి ముద్దు అన్న సామెతలో ప్రేమ పాలు మాత్రమే ఉంది. మిక్స్ విషయంలో ప్రేమతోపాటు శరీరధర్మం కూడా తీర్పును వంచుతుంది.

గది కూడా ఒక వాయిద్యమే

ఇంట్లో మిక్స్ చేసేవారు అందరికన్నా తక్కువగా పట్టించుకునేది గది. పది అడుగుల పొడవున్న క్వార్టర్ గదిని తీసుకుందాం. అంటే సుమారు 3 మీటర్లు. ఎదురెదురు గోడల మధ్య నిలువ తరంగం ఏర్పడే కనిష్ఠ పౌనఃపున్యం కావాలంటే ధ్వని వేగాన్ని గది పొడవుకు రెట్టింపుతో భాగించాలి. 343ను 6తో భాగిస్తే సుమారు 57 హెర్ట్జ్ వస్తుంది. ఎలక్ట్రానిక్ సంగీతంలో కిక్, బాస్‌ల గుండెకాయ ఉండేది సరిగ్గా ఆ చుట్టుపక్కలే. ఈ నిలువ తరంగానికి గోడల దగ్గర పీడనం గరిష్ఠంగా, గది నడిమధ్య కనిష్ఠంగా ఉంటుంది. కాబట్టి గది మధ్యలో కుర్చీ వేసుకున్నవారికి 57 హెర్ట్జ్ దాదాపు వినిపించదు, గోడకు ఆనుకుని కూర్చున్నవారికి అదే బరువుగా వినిపిస్తుంది. గది పది అడుగులకు పది అడుగుల చదరమైతే రెండు దిశల తరంగాలూ ఒకే పౌనఃపున్యం దగ్గర కలిసి సమస్య మరింత ముదురుతుంది.

బిలాస్‌పూర్ వాతావరణం కూడా ఇందులో చేయి పెడుతుంది. గాలి వేడెక్కితే ధ్వని వేగం పెరుగుతుంది. 15 డిగ్రీల చలికాలపు రాత్రి ఆ గది పౌనఃపున్యం సుమారు 56.7 హెర్ట్జ్ అయితే, 45 డిగ్రీల మే నెల మధ్యాహ్నం అది సుమారు 59.8కి చేరుతుంది. సంగీత పరిభాషలో ఇది దాదాపు ఒక సెమీటోన్. అయితే ఎండాకాలంలో అంతకన్నా పెద్ద అడ్డంకి ఎయిర్ కూలర్. దాని హోరు దాదాపు అన్ని పౌనఃపున్యాల్లోనూ పరుచుకుని పాటలోని సన్నని వివరాలను, తాళాల చివరలను, గొంతు వెనకాల ఉండే ప్రతిధ్వనిని కప్పేస్తుంది. పెద్ద జంక్షన్ ఊళ్లో గూడ్సు బండ్ల గుడగుడ కింది పౌనఃపున్యాలను కప్పుతుంది. ఇలా ఒక శబ్దం మరొకదాన్ని వినపడకుండా చేయడాన్ని ధ్వనిశాస్త్రంలో మాస్కింగ్ అంటారు. కూలర్ హోరులో చేసిన మిక్స్‌లో తాళాలు, ప్రతిధ్వని అవసరానికి మించి పెరగడం ఖాయం.

గోడలకు గుడ్ల అట్టలు అంటిస్తే గది స్టూడియో అయిపోతుందనే నమ్మకం విస్తృతంగా ఉంది. 57 హెర్ట్జ్ తరంగదైర్ఘ్యం 6 మీటర్లు. పలచని అట్ట ఆ తరంగాన్ని ఏమీ చేయలేదు. అది పై పౌనఃపున్యాలను మాత్రమే కొద్దిగా చెదరగొడుతుంది. పాత పరుపులు, దూది బొంతలు మందంగా మూలల్లో నిలబెట్టడం అంతకన్నా మేలు. కుర్చీని గది నడిమధ్య నుంచి, గోడ నుంచి కూడా దూరంగా జరపడానికి రూపాయి ఖర్చు ఉండదు. మిక్స్ చేసే ఆ అరగంట కూలర్ ఆపడానికీ ఖర్చు లేదు, కాస్త చెమట తప్ప.

గదిలో తప్పు, వీధిలో నాలుగింతలు

గదికీ వీధికీ ఉన్న లంకె ఇక్కడే బయటపడుతుంది. గది మధ్యలో కూర్చున్న కుర్రాడికి 57 హెర్ట్జ్ వినిపించలేదు. ఈక్వలైజర్‌లో అక్కడ 6 డెసిబెల్‌లు పెంచాడు. ఇంట్లో అది సమంగానే అనిపించింది. డెసిబెల్ లాగరిథమ్ కొలమానం కాబట్టి 6 డెసిబెల్‌లు అంటే ఆ పౌనఃపున్యం దగ్గర నాలుగు రెట్ల శక్తి. బండి మీద పెద్ద బాస్ బాక్సులు ఆ నాలుగు రెట్లనూ నిజాయితీగా వీధిలోకి వదులుతాయి. కిటికీ రెక్కలు అదరడానికి బండి వాల్యూమ్ ప్రధాన కారణమే. కానీ పాటలోనే దాగి ఉన్న ఈ తప్పు దానికి తోడవుతుంది.

చట్టపు కొలతకు ఈ తప్పు సరిగ్గా చిక్కదు. 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్‌లు పరిమితి. ఈ పరిమితులు చెప్పేది డెసిబెల్-ఎ కొలమానంలో. చిన్న శబ్దాల దగ్గర చెవి తీరును అనుసరించి రూపొందిన ఈ కొలమానం 50 హెర్ట్జ్ దగ్గర శబ్దాన్ని సుమారు 30 డెసిబెల్‌లు తగ్గించి లెక్కిస్తుంది. పెద్ద శబ్దాల దగ్గర చెవి బాస్‌ను అంత తక్కువగా వినదని పైన చూశాం. అంటే గుండెల్లో దడ పుట్టించే బాస్ మీటర్‌లో అసలు కన్నా చాలా చిన్నగా కనిపిస్తుంది. పోలీసు చేతిలోని మీటర్ చూడలేని చోట మిక్స్ చేసేవాడి విచక్షణే మిగిలిన కాపలా.

ఇందుకు విరుగుడు బాస్‌ను చంపేయడం కాదు, తెలివిగా వినిపించడం. ఫోన్ స్పీకర్ 50 హెర్ట్జ్‌ను దాదాపు పలకలేదు. అయినా 100, 150, 200 అంటూ దాని గుణిజాలు వినిపిస్తే మెదడు లేని 50నూ ఊహించి వింటుంది. ఇంట్లో పాట చేసేవారు బాస్‌కు కొద్దిగా శాచురేషన్ జోడిస్తే ఈ గుణిజాలు పుడతాయి. కింది శక్తి పెంచకుండానే దరువు ఫోన్‌లోనూ బండిలోనూ స్పష్టమవుతుంది.

ఈ గుణిజాల విషయం మన వాయిద్యకారులకు చేతివేళ్లకు తెలిసినదే. మామూలు చర్మవాద్యం ఇచ్చే పైస్వరాలు మూల స్వరానికి పూర్ణాంక గుణిజాలుగా ఉండవు. మృదంగం, తబలాల మీద వేసే నల్లని కరణి ఆ స్వరాలను గుణిజాలకు దగ్గరగా తెస్తుందని చూపినవారు సి.వి.రామన్. ఆయన శివకాళి కుమార్‌తో కలిసి 1920లో నేచర్ పత్రికలో దీన్ని ప్రచురించారు. విశాఖపట్నంలో చదువుకుని పెరిగిన రామన్ ధ్వనిశాస్త్ర పరిశోధన మొదలుపెట్టింది ప్రభుత్వ ఆర్థిక శాఖలో ఉద్యోగం చేస్తూ, తీరిక వేళల్లో కలకత్తాలోని ఒక పరిశోధన సంస్థకు వెళ్లి. తీరిక వేళల్లో చేసే పని శాస్త్రీయంగా ఉండలేదనడానికి వీల్లేదు.

రాత్రి డ్యూటీ అయ్యాక పాటలు చేసే కుర్రాడికి కావాల్సిన ప్రయోగశాల ఇంతకన్నా చిన్నది. మొదటి నియమం, రెండు రూపాలను పోల్చేటప్పుడు వాటి శబ్ద స్థాయిని సమం చేయాలి. దీనికి ఉచితంగా దొరికే లౌడ్‌నెస్ మీటర్లు చాలు. ఇవి ఎల్‌యూఎఫ్‌ఎస్ అనే ప్రమాణంలో, చెవి తీరును కొంత లెక్కలోకి తీసుకుని సగటు బిగ్గరతనాన్ని చూపిస్తాయి. మెచ్చిన పాటను పక్కన పెట్టి పోల్చేటప్పుడు కూడా ఇదే నియమం. మార్కెట్‌లోకి వచ్చిన పాట ఎప్పుడూ బిగ్గరగానే ఉంటుంది. దాన్ని తగ్గించి పోల్చకపోతే అది గొప్పగా, సొంతది దిగదుడుపుగా అనిపించి అనవసరమైన మార్పులు మొదలవుతాయి.

రెండో నియమం, ఒకసారికి ఒకే మార్పు. కిక్, గొంతు, రివర్బ్ అన్నీ ఒకేసారి మార్చి బాగుందనుకుంటే దేనివల్ల బాగుందో ఎప్పటికీ తెలియదు.

మూడోది కళ్లుమూసుకుని చేసే పరీక్ష. పాత రూపానికి క, కొత్త రూపానికి ఖ అని పేర్లు పెట్టి, నాణెం ఎగరేసి ఏది పడితే అది వినిపించమని స్నేహితుడిని అడగాలి. పదిసార్లు విని ఏది ఏదో చెప్పాలి. ఊరికే ఊహించి పదింట తొమ్మిది లేదా అంతకన్నా ఎక్కువ సరిగ్గా చెప్పే అవకాశం 1024లో 11, అంటే సుమారు 1 శాతం. తొమ్మిది సరిపోతే చెవి నిజంగానే తేడా వింటోంది. అప్పుడు ఏది ఇష్టమన్న ప్రశ్నకు అర్థం ఉంది. ఐదారు దగ్గరే ఆగిపోతే ఆ ప్లగిన్ కోసం పెట్టిన డబ్బు, సమయం పాటలోకి చేరలేదని అర్థం.

నాలుగోది, వేర్వేరు చోట్ల వినడం. ఫోన్, హెడ్‌ఫోన్స్, ఇంటి టీవీ, ఆటోలోని స్పీకర్. ఎడమ కుడి రెండింటినీ కలిపి మోనోలో కూడా వినాలి. వెడల్పుగా అనిపించాలని బాస్‌ను రెండు వైపులా వ్యతిరేక దశల్లో పరిస్తే, మోనోలో మోగించే సౌండ్ సిస్టమ్‌లో ఆ రెండు తరంగాలూ ఒకదాన్నొకటి రద్దు చేసుకుంటాయి. ఇంటర్మీడియట్ భౌతికశాస్త్రంలో చదువుకున్న వ్యతికరణమే ఇది. ఇంట్లో ఉరిమిన బాస్ వీధిలో మాయమైపోతే సౌండ్ బాక్సుల యజమానిని తిట్టి లాభం లేదు.

కళను మీటర్‌తో కొలుస్తారా?

ఈ వాదనకు రెండు అభ్యంతరాలు వస్తాయి. రెండింటిలోనూ కొంత నిజముంది.

మొదటిది, సంగీతం రుచికి సంబంధించింది, మీటర్ చూసి చేసిన పాటలో ప్రాణం ఉండదు అన్నది. ఎలక్ట్రానిక్ సంగీత చరిత్రలో కావాలని చేసిన వక్రీకరణ, పగిలిన శబ్దం ఒక అందంగా నిలిచాయి. టపోరి దరువులోని మొరటుదనం కూడా దాన్ని ఇష్టపడేవారికి అందమే. కానీ కొలత రుచిని నిర్ణయించదు. చేసేవాడు కోరుకున్న మొరటుదనం వినేవాడి దాకా అదే రూపంలో చేరిందా లేదా అన్నది మాత్రమే చెబుతుంది. కావాలని వేసిన కారం వేరు, చేయి జారి పడిన కారం వేరు. వంట చేసేవాళ్లకు ఆ తేడా తెలిసి ఉండాలి.

రెండో అభ్యంతరం బలమైనది. పక్క బండి పాట బిగ్గరగా ఉంటే మన పాట ఓడిపోతుంది కదా అన్నది. నిజమే, ఊరేగింపులో పోటీ బిగ్గరతనం మీదే. అందుకే లిమిటర్‌తో పాటను నొక్కి నొక్కి, పెద్ద చిన్న శబ్దాల మధ్య తేడానే లేకుండా చేస్తారు. ఇది ఇక్కడి జబ్బు మాత్రమే కాదు. 2008లో మెటాలికా బృందం విడుదల చేసిన డెత్ మాగ్నెటిక్ ఆల్బమ్‌ను అతిగా నొక్కేశారని అభిమానులే నిరసన తెలిపారు. ఆ తర్వాత పరిస్థితి మారింది. స్పాటిఫై మామూలుగా పాటలను సుమారు మైనస్ 14 ఎల్‌యూఎఫ్‌ఎస్‌కు సర్దుతుంది. యూట్యూబ్ కూడా అంతకన్నా బిగ్గరగా ఉన్నవాటిని తగ్గిస్తుంది. మైనస్ 6 దగ్గర నొక్కి పంపిన పాట అక్కడ 8 డెసిబెల్‌లు తగ్గిపోతుంది. మిగిలేది దరువులో పదును పోయిన చప్పటి పాట. అదే పాటను ఊపిరాడేలా వదిలి ఉంటే అదే బిగ్గరతనంలో దరువు మరింత గట్టిగా తగిలేది. బండి మీద కూడా, రెట్టింపు బిగ్గరగా అనిపించాలంటే సుమారు పది రెట్ల శక్తి కావాలి. ఆ జనరేటర్ డీజిల్ కన్నా గొంతుకూ దరువుకూ చోటు విడదీసిన మిక్స్ చవక.

పోటీలో చివరికి ఓడేది చెవి. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం 80 డెసిబెల్‌ల శబ్దాన్ని వారానికి 40 గంటలు వినవచ్చు. 90 అయితే 4 గంటలే. 100 డెసిబెల్‌లకు అరగంట కూడా లేదు. లోపలి చెవిలో దెబ్బతిన్న రోమకణాలు మనుషుల్లో తిరిగి మొలవవు. రోజూ హెడ్‌ఫోన్స్‌లో గంటల కొద్దీ మిక్స్ చేసే కుర్రాడు ముందుగా పోగొట్టుకునేది తన పనికి అవసరమైన ఆ పై పౌనఃపున్యాల వినికిడినే. పాట బాగుపడాలన్నా, చెవి మిగలాలన్నా మితమైన స్థాయిలో, మధ్యమధ్య విరామంతో వినడమే దారి. రెండు ప్రయోజనాలూ ఒకే వైపు ఉండటం ఇలాంటి విషయాల్లో అరుదు.

ఈ శాస్త్రమంతా పాఠ్యపుస్తకాల్లో ఉంది. నిలువ తరంగాలు, వ్యతికరణం, డెసిబెల్, లాగరిథమ్‌లు అన్నీ ఇంటర్మీడియట్ నుంచి డిగ్రీ దాకా చెప్పేవే. విద్యార్థికి అవి పరీక్ష పేపర్‌లో కనిపిస్తాయి, సొంత పాటలో కనిపించవు. ఈ ఖాళీని పూడ్చడం కష్టం కాదు. బిలాస్‌పూర్‌లో గురు ఘాసీదాస్ కేంద్రీయ విశ్వవిద్యాలయం ఉంది. అదే రాష్ట్రంలోని ఖైరాగఢ్‌లో 1956 నుంచి ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం ఉంది. ఒకచోట భౌతికశాస్త్రం, మరోచోట సంగీతం. ఈ రెండూ కలిసి ఒక వారాంతం రీమిక్స్‌లు చేసే కుర్రవాళ్లను పిలిచి, వాళ్ల ల్యాప్‌టాప్‌లే తెమ్మని, వాళ్ల పాటలనే కొలిచి చూపిస్తే చాలు. తెలుగు రాష్ట్రాల కళాశాలలూ, సైన్స్ కేంద్రాలూ ఇదే పని తెలుగులో చేయవచ్చు.

డీజే బండ్లను జప్తు చేయడం పోలీసుల పని. అది అవసరమైనచోట జరగాల్సిందే. కానీ జప్తు చేసిన బండి వచ్చే పండగకు మళ్లీ రోడ్డెక్కుతుంది, అదే పాటతో. పాట చేసేవాడికి వినడం నేర్పితే అది ఏ పండగకూ తిరిగి నేర్పాల్సిన అవసరం లేని చదువు.